పది హెచ్‌పీ సర్వీసు మీద ఇరవై కిలోవాట్ల సోలార్: పలమనేరు వైపు ఒక పాడి ఫారం కేస్ స్టడీ

చిత్తూరు జిల్లాలో పలమనేరు దాటి కర్ణాటక సరిహద్దు వైపు వెళ్తే పాడి లేని ఊరు కనబడదు. వాన మొహం చాటేసిన ఏడాది కూడా అక్కడ ఇళ్లు నడిపేది ఆవులే. ఆ ప్రాంతంలో ఒక ఫారానికి 19.8 కిలోవాట్ల సోలార్ సిస్టమ్ పెట్టాం. ఆ ఫారానికి ఉన్న కరెంటు సర్వీసు 7.5 కిలోవాట్లది, అంటే పది హెచ్‌పీది. పైగా ఆ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే లైను) మీద త్రీఫేజ్ వచ్చేది రోజుకు తొమ్మిది గంటలే. ఇంత చిన్న సర్వీసు మీద అంత పెద్ద సోలార్ ఎలా కుదిరిందో లెక్కలతో సహా రాస్తున్నాను. పాడి ఫారాలు, కోళ్ల షెడ్లు, చిన్న మిల్లులు ఉన్నవాళ్లకూ, వాళ్లకు పని చేసిపెట్టే సోలార్ వాళ్లకూ పనికొస్తుందని నా నమ్మకం.

ఉన్న పరిస్థితి

ఫారం నడిపేది ఒక అక్క, ఆమె కొడుకు. డెబ్బై అయిదు పైచిలుకు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులు. రెండు పూటలా కలిపి రోజుకు 800 లీటర్ల దాకా పాలు. బోరు మోటారు 5 హెచ్‌పీ, సూపర్ నేపియర్ గడ్డి నరికే చాఫ్ కట్టర్ 5 హెచ్‌పీ, పాలు పితికే మిషను వాక్యూమ్ పంపు 3 హెచ్‌పీ, పాలు చల్లబరిచే ట్యాంకు కంప్రెసర్ 5 హెచ్‌పీ. షెడ్డులో ఒక్కో హెచ్‌పీ ఫ్యాన్లు నాలుగు. ఇవి కాక పాల మిషను కడగడానికి వేడినీళ్లిచ్చే 3 కిలోవాట్ల గీజరు, ఇంటి వాడకం. మోటార్లు అన్నీ కూడితేనే 22 హెచ్‌పీ. సర్వీసేమో పది. అందుకని ఒకటి ఆపి ఇంకోటి వేసుకుంటూ నెట్టుకొస్తున్నారు. మీటరు రీడింగు, జనరేటర్ నడిచిన గంటలు కలిపి చూస్తే వాడకం రోజుకు 85 యూనిట్ల దాకా తేలింది.

లోడ్ పెంచుకుందామని వాళ్లు అప్పటికే దరఖాస్తు పెట్టి ఉన్నారు. ఫారానికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏది. దాని ఫుల్ లోడ్ కరెంటు ఫేజుకు 33 ఆంపియర్లు. దాని మీద ఇప్పటికే చుట్టుపక్కల రైతుల బోర్లు ఉన్నాయి. లోడ్ పెంచాలంటే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వేయాలి, ఎస్టిమేట్ ప్రకారం డబ్బు కట్టాలి. కట్టినా వచ్చేది అదే ఫీడరు కాబట్టి త్రీఫేజ్ తొమ్మిది గంటలు తొమ్మిది గంటలే.

మొదటిసారి కూర్చున్నప్పుడు అక్క అన్న మాట ఇది: "కరెంటోళ్లు ఇచ్చే టైముకు ఆవుల్ని పాలియ్యమని చెప్పేకయితాదా నాయనా? పొద్దున అయిదుకు ఒకసారి, సాయంత్రం నాలుగుకు ఒకసారి పిండాల్సిందే. ఆ రెండు పొద్దులూ జనరేటరే గతి." ఆ ఒక్క మాటలో డిజైన్ అంతా ఉంది.

మిగతా పదిహేను గంటలు ఏం జరుగుతుంది

త్రీఫేజ్ టైము అయిపోయాక ఊళ్లో కరెంటు పూర్తిగా పోదు. సబ్‌స్టేషన్ దగ్గర 11 కేవీ లైనులో ఒక ఫేజు తీసేస్తారు. ఇళ్లల్లో లైట్లు వెలగాలి, బోర్లు తిరగకూడదు అన్నది ఉద్దేశం. ఆ సమయంలో ఫారం మీటరు బోర్డు దగ్గర మల్టీమీటర్ పెట్టి చూస్తే ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులకు అటూఇటుగా చూపిస్తుంది. మిగతా రెండు ఫేజుల మీద దాదాపు సగం, 115 చిల్లర. ట్రాన్స్‌ఫార్మర్ పైవైపు చుట్లు డెల్టాలో ఉంటాయి. ఒక తీగ తెగితే ఒక చుట్టుకు పూర్తి వోల్టేజీ అందుతుంది, మిగతా రెండు చుట్లు సిరీస్‌లో పడి చెరి సగం పంచుకుంటాయి. కింద మనకు కనబడే 230, 115, 115 దాని ఫలితమే.

పల్లెల్లో చాలామంది ఈ సమయంలో కండెన్సర్లు కట్టి త్రీఫేజ్ మోటారు తిప్పేస్తారు. మోటారు వేడెక్కుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారమంతా ఒకే ఫేజు మోస్తుంది, పక్కింటి బల్బు మినుకుమినుకుమంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఊరంతా రోజుల తరబడి ఎదురుచూడాలి. ఫారంలో అలాంటి పెట్టె ఒకటి ఉంటే ముందు దాన్ని విప్పించాకే మా పని మొదలుపెట్టాం.

ఆన్‌గ్రిడ్ ఎందుకు వద్దన్నాం

మాకంటే ముందు వచ్చిన ఒక కంపెనీ వాళ్లు 20 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్‌కు (బ్యాటరీ లేకుండా, కరెంటు లైను ఉంటేనే నడిచేదానికి) కొటేషన్ ఇచ్చి వెళ్లారు. రోజుకు 80 యూనిట్లు వస్తుంది, 85 వాడుతున్నారు, సరిపోయిందని అందులో ఉంది. యూనిట్ల మొత్తం సరిపోయినా ఈ చోట ఆ సిస్టమ్ నడవదు.

ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్‌కు మూడు ఫేజులూ సరిగ్గా కనబడాలి. లైను చచ్చినా, వోల్టేజీ హద్దు దాటినా అది వెంటనే విడిపోవాలి. పైన పని చేసే లైన్‌మన్ ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ నియమంతో ఎవరూ ఆటలాడకూడదు. ఇక్కడ త్రీఫేజ్ టైము ఒక వారం తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నానికే అయిపోతుంది. ఆ వారమంతా మిట్టమధ్యాహ్నం నుంచి ప్యానెళ్లు ఎండలో ఊరికే ఉంటాయి.

రెండోది లైను. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫారం దాకా దాదాపు 600 మీటర్లు, వీజిల్ రకం కండక్టర్ (లైను తీగ). దాని రెసిస్టెన్స్ కిలోమీటరుకు 0.93 ఓమ్. ఆరు వందల మీటర్లకు ఫేజుకు 0.56 ఓమ్ అవుతుంది. పదిహేను కిలోవాట్లు వెనక్కి పంపితే ఫేజుకు దాదాపు 22 ఆంపియర్లు. అంటే ఫారం దగ్గర వోల్టేజీ 12 వోల్టులు పెరుగుతుంది. బోర్లు తిరిగే సీజన్‌లో ఇక్కడ ఫేజు వోల్టేజీ 215 దగ్గర ఏడుస్తూ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. వానలు పడి బోర్లు ఆగినప్పుడు లైను 245 దాకా పోతుంది. దాని మీద ఇంకో 12 పడితే ఇన్వర్టర్ హద్దు 253 దాటిపోతుంది. బాగా ఎండ ఉన్న రోజే ఇన్వర్టర్ పదేపదే ట్రిప్ అవుతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ హద్దును 270కి పెంచేసి చేతులు దులుపుకునేవాళ్లను చూశాను. అలా చేస్తే ఆ 257 వోల్టులు ఫారంలోని ప్రతి ఫ్యాన్‌కూ, ప్రతి ఫ్రిజ్‌కూ వెళ్తాయి. అది రిపేరు కాదు.

అదే పని సింగిల్ ఫేజులో చేస్తే ఇంకా ఘోరం. వెళ్లే తీగ, వచ్చే న్యూట్రల్ రెండింటిలోనూ వోల్టేజీ పెరుగుతుంది. దానికి తోడు స్తంభం నుంచి మీటరు దాకా లాగే సన్నటి సర్వీసు వైరు. 4 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) అల్యూమినియం వైరుకు కిలోమీటరుకు 7.4 ఓమ్. ముప్పై మీటర్లు ఉంటే పోను రాను అరవై మీటర్లు, 0.44 ఓమ్. అయిదు కిలోవాట్ల ఇంటి సోలార్‌కు ఆ ఒక్క ముక్కలోనే తొమ్మిది, పది వోల్టులు పెరుగుతుంది. దాన్ని 16 ఎస్‌క్యూఎంఎంకు మారిస్తే రెండున్నరకు దిగుతుంది. "ఎండ బాగా ఉన్నప్పుడే సోలార్ ఆగిపోతోంది" అని ఇళ్లవాళ్లు ఫోన్ చేస్తే నేను ముందు చూసేది సర్వీసు వైరునే. ప్యానెళ్ల జోలికి తర్వాత వెళ్తాను.

నిబంధనల సంగతీ చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు రూఫ్‌టాప్ దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. దానికి తగ్గట్టు శాంక్షన్డ్ లోడ్ (సర్వీసుకు మంజూరైన లోడ్) పెంచే బాధ్యత కరెంటు పంపిణీ సంస్థ అయిన డిస్కందే. ఇళ్లకు ఇది చాలా మేలు. పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇంటికి 78 వేల రూపాయల సబ్సిడీ కూడా ఉంది. "మాకు రాదా అన్నా?" అని అక్క కొడుకు అడిగాడు. అది నివాస గృహాలకే. ఇంకో కేంద్ర పథకం పీఎం కుసుమ్ ప్రధానంగా వ్యవసాయ పంపుసెట్లకు. పాల ఫారానికి రెండూ సరిపోవు. అందుకే ఒక్క యూనిట్ కూడా లైనులోకి పంపని పద్ధతి ఎంచుకున్నాం. డిస్కం సెక్షన్ ఆఫీసుకు సింగిల్ లైన్ డయాగ్రంతో సహా రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్లు వచ్చి చూశాకే ఆన్ చేశాం.

హైబ్రిడ్, బ్యాటరీ, మోటార్ల స్టార్టింగ్

పెట్టింది 15 కిలోవాట్ల త్రీఫేజ్ హైబ్రిడ్ ఇన్వర్టర్. ఇది లైనుతో పని లేకుండా తానే మూడు ఫేజులు తయారు చేస్తుంది. లైను ఉంటే దాన్ని సహాయానికి తీసుకుంటుంది. ఆ తీసుకునేది 7 కిలోవాట్లు దాటకుండా సెట్ చేశాం, ఎగుమతి సున్నా. వెనక 51.2 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు నాలుగు. కలిపి 20 యూనిట్లు, వాడుకోదగ్గది 18. ఒక్కో బ్యాటరీ మీద 50 ఆంపియర్లకు మించి నిరంతరం లాగకుండా పరిమితి పెట్టాం. రాత్రి, తెల్లవారుజాము లోడ్ అయిదు కిలోవాట్లు దాటదు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇన్వర్టర్ సైజు తేల్చేది మోటారు స్టార్టింగే. చాలామంది 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లే కదా అనుకుంటారు. డైరెక్ట్ స్టార్టర్ మీద ఆన్ చేసిన క్షణంలో ఆ మోటారు దాదాపు ఆరు రెట్లు, 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే 35 కేవీఏ. పదిహేను కేవీఏ ఇన్వర్టర్ ఒక్క బోరు ఆన్ చేయగానే ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోతుంది. ఇంకా పెద్ద ఇన్వర్టర్ కొనడం దీనికి మందు కాదు. బోరుకూ చాఫ్ కట్టర్‌కూ వీఎఫ్‌డీలు (మోటారుకు వెళ్లే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చే పరికరాలు) పెట్టాం. ఫ్రీక్వెన్సీ మెల్లగా పెంచుతూ మోటారును లేపుతుంది కాబట్టి స్టార్టింగ్‌లో కూడా తొమ్మిది ఆంపియర్లు దాటలేదని క్లాంప్ మీటర్‌లో చూశాం. బోరు లోపల ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. మరీ నెమ్మదిగా లేపకూడదు. 30 హెర్ట్‌జ్ లోపు ఎక్కువసేపు తిరిగితే, బరువు మోసే థ్రస్ట్ బేరింగ్ కింద నీటి పొర ఏర్పడక అరిగిపోతుంది. మొదటి సెకనులోనే 30 దాటించి, ఆ తర్వాత తీరిగ్గా 50కి తీసుకెళ్లేలా పెట్టాం. బోరు దాకా కేబుల్ పొడుగు కాబట్టి వీఎఫ్‌డీ అవుట్‌పుట్‌లో రియాక్టర్ (వోల్టేజీ ఎగదన్నకుండా ఆపే కాయిల్) కూడా వేశాం.

పాత స్టార్టర్లు తీసేయలేదు. వీఎఫ్‌డీ పాడైతే పశువులకు నీళ్లు ఆగకూడదు. అయితే పాత స్టార్టర్ల కనెక్షన్ లైను వైపు మాత్రమే ఉంది, ఇన్వర్టర్ వైపు వెళ్లే దారి లేదు. చేంజ్‌ఓవర్ స్విచ్ మెకానికల్ ఇంటర్‌లాక్‌తో (రెండు వైపులూ ఒకేసారి కలవకుండా) పెట్టాం. బోరు తిరుగుతుంటే చాఫ్ కట్టర్ ఆన్ కాదు, చాఫ్ కట్టర్ తిరుగుతుంటే బోరు ఆన్ కాదు. మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన నియమం ఏదైనా పొలం పనుల హడావిడిలో మరచిపోతారు. దాన్ని రిలేకు అప్పజెప్పడమే మంచిది.

ఫేజుల పంపకం మీద కూడా సమయం పెట్టాలి. 15 కిలోవాట్ల ఇన్వర్టర్ అంటే ఫేజుకు అయిదే. ఇంటి ఏసీ, గీజరు రెండూ ఒకే ఫేజు మీద పడితే మిగతా రెండు ఖాళీగా ఉన్నా ట్రిప్పే. గీజరు ఒకదాని మీద, ఇల్లు ఒకదాని మీద, షెడ్డు లైట్లు, చిన్న పంపులు మూడోదాని మీద వేశాం.

రాత్రి ఆ ఒక్క ఫేజు మీద వచ్చే 230ని వదిలేయడం ఎందుకని చిన్న ఏర్పాటు చేశాం. ఒకటిన్నర కిలోవాట్ల బ్యాటరీ చార్జర్‌ను వోల్టేజీ రిలే ద్వారా ఆ ఫేజుకు కలిపాం. వోల్టేజీ సరిగ్గా ఉంటేనే నడుస్తుంది, 115కి పడితే విడిపోతుంది. మబ్బు రోజుల్లో రాత్రంతా కలిపి ఎనిమిది, తొమ్మిది యూనిట్లు బ్యాటరీలోకి ఎక్కుతుంది. మీటరులో నమోదవుతుంది, శాంక్షన్డ్ లోడ్‌లో అయిదో వంతే, ట్రాన్స్‌ఫార్మర్‌కు భారం కాదు.

మంచు కట్టి దాచుకోవడం

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇది. సోలార్ పండేది మధ్యాహ్నం, పాలు చల్లబరచాల్సింది పొద్దున, సాయంత్రం. ఆవు పొదుగు నుంచి 35 డిగ్రీల మీద వచ్చే పాలను త్వరగా 4 డిగ్రీలకు దించకపోతే సూక్ష్మజీవులు పెరిగి డెయిరీ వాళ్లు వెనక్కి పంపేస్తారు. 800 లీటర్లను 31 డిగ్రీలు దించడానికి తీసేయాల్సిన వేడి 28 యూనిట్లకు సమానం. కంప్రెసర్ తాగే కరెంటు అందులో సగం లోపు. అయినా దాన్ని బ్యాటరీ మీద నడపాలంటే ఇంకో మూడు బ్యాటరీలు కావాలి.

బ్యాటరీలు కొనకుండా ఐస్ బ్యాంక్ ట్యాంకు పెట్టించాం. ట్యాంకులో నీళ్లు, వాటిలో రాగి చుట్లు. పగలు తొమ్మిదిన్నర నుంచి రెండున్నర దాకా కంప్రెసర్ నడిచి ఆ చుట్ల మీద మంచు కడుతుంది. పాలు పితికేటప్పుడు ఆ చల్లని నీళ్లను ప్లేట్ కూలర్‌లో ఒకవైపు తిప్పుతాం, రెండోవైపు పాలు వెళ్తాయి. అప్పుడు నడిచేది ముప్పావు కిలోవాట్ చిన్న పంపు ఒక్కటే. కిలో మంచు కరిగితే 93 వాట్ అవర్ల వేడి లాగుతుంది. 28 యూనిట్లకు 300 కిలోల మంచు కావాలి. దానికి ముందు పాలను బోరు నీళ్లతో ఒక దఫా చల్లబరిస్తే 35 నుంచి 30కి దిగుతాయి, మంచు అవసరం 250 కిలోలకు తగ్గుతుంది. ఆ బోరు నీళ్లు కాస్త గోరువెచ్చగా తొట్టిలోకి వెళ్తాయి. చలికాలం పొద్దున ఆవులు వాటిని ఇష్టంగా తాగుతాయి.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఇదివరకు పాలు వచ్చిన రెండు మూడు గంటల్లోనే పనంతా అవ్వాలి కాబట్టి 5 హెచ్‌పీ కంప్రెసర్ కావలసి వచ్చింది. అదే పనిని పగటిపూట అయిదు గంటల పొడవునా పరిస్తే 3 హెచ్‌పీ సరిపోయింది. లోడ్ చిన్నదైంది, స్టార్టింగ్ కరెంటు తగ్గింది.

మధ్యాహ్నపు కరెంటు వరస ఇలా ఉంటుంది: ముందు బ్యాటరీ, దాంతోపాటే మంచు. బ్యాటరీ నిండుతుండగా బోరు తిరిగి ఓవర్‌హెడ్ ట్యాంకు నింపుతుంది, బోరు ఆగాక చాఫ్ కట్టర్. ఫ్యాన్లు ఎండవేళ ఎలాగూ తిరగాలి. బ్యాటరీ 95 శాతం దాటితే స్మార్ట్ లోడ్ కాంటాక్టర్ అనే స్విచ్ దానంతట అదే పడి గీజరు ఆన్ అవుతుంది. 200 లీటర్ల ట్యాంకు 75 డిగ్రీలకు వేడెక్కడానికి 11 యూనిట్లు పడుతుంది. సాయంత్రం, పొద్దున మిషను కడగడానికి ఆ వేడినీళ్లే. మంచు, వేడినీళ్లు, పై ట్యాంకులో నీళ్లు, నరికిన గడ్డి, ఇవన్నీ మధ్యాహ్నం ఎండే.

ప్యానెళ్లు

550 వాట్ల ప్యానెళ్లు 36. పశువుల షెడ్డు తూర్పు పడమరలుగా కట్టారు కాబట్టి కప్పు వాలు ఒకటి దక్షిణానికి, ఒకటి ఉత్తరానికి. ఉత్తరం వైపు పెడితే దండగ అని ఒక పట్టుదల ఉంది. ఆ ఊరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. వాలు పది డిగ్రీలే. కాబట్టి దక్షిణం మీద 24, ఉత్తరం మీద 12 వేశాం. ఉత్తరం డిసెంబరులో తగ్గుతుంది, మే నెలలో ఒక్కో ప్యానెల్ లెక్కన దక్షిణాన్ని మించిపోతుంది.

సిరీస్‌లో కలిపిన ప్యానెళ్ల వరసను స్ట్రింగు అంటారు. స్ట్రింగుకు 12 చొప్పున మూడు స్ట్రింగులు. ఈ ఇన్వర్టర్ డీసీ గరిష్ఠం 800 వోల్టులు. ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ (లోడ్ లేనప్పటి) వోల్టేజీ 49.5, పన్నెండుకు 594. పలమనేరు వైపు జనవరి తెల్లవారుజామున చలికి అది ఇంకో మూడు నాలుగు శాతం పెరిగినా 620 లోపే.

సిమెంటు రేకుల మీద ఏమీ బిగించలేదు. షెడ్డు స్తంభాలకు కలిపి హాట్ డిప్ గాల్వనైజ్డ్ ఫ్రేమును విడిగా లేపాం. బరువు చదరపు మీటరుకు 11 కిలోలే, దాంతో చిక్కు లేదు. గాలికి పైకి లేచే బలానికే బోల్టులు, పునాదులు లెక్కేయాలి. ప్యానెళ్ల నీడ పడ్డాక రేకుల కింద వేడి తగ్గి, ఆవులు మధ్యాహ్నం పడుకుని నెమరేయడం అక్కే గమనించి చెప్పింది. పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా లోహాన్ని తినేస్తుంది. అందుకే ఐఈసీ 62716 అమ్మోనియా పరీక్ష పాసైన ప్యానెళ్లే తీసుకున్నాం, ఇన్వర్టర్, బ్యాటరీలను షెడ్డుకు దూరంగా ఎలుకలు దూరని గదిలో పెట్టాం.

ఆవు కాలికి తగిలే కరెంటు

పాడి ఫారంలో పని చేసే ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ ఇది తెలిసి ఉండాలి. మన చెప్పుల కాళ్లకు రెండు మూడు వోల్టులు తెలియవు. తడి సిమెంటు మీద నాలుగు కాళ్లతో నిలబడి ఇనుప తొట్టిలో మూతి పెట్టే ఆవుకు అవి తెలుస్తాయి. నీళ్లు తాగడానికి వెనకాడుతుంది, పితికేటప్పుడు కాళ్లు విదిలిస్తుంది, పాలు చేపదు. పశువైద్యుడు చూసి జబ్బేమీ లేదంటాడు.

పని మొదలుపెట్టకముందు నీళ్ల తొట్టి అంచుకూ, ఆవు ముందు కాళ్లు పెట్టే చోట తడి నేల మీద ఉంచిన రాగి రేకుకూ మధ్య మల్టీమీటర్ పెట్టి కొలిచాం. మోటారు ఆగినప్పుడు సున్నాకు దగ్గరగా ఉంది. చాఫ్ కట్టర్ తిరగగానే 2.8 వోల్టులు. ఊరి లైనులో న్యూట్రల్ సరిగ్గా లేక ఆ వోల్టేజీ అంతా ఫారం ఎర్త్ మీదికి వస్తోంది. అక్క పక్కనే నిలబడి మీటరు చూసి, "ఆ తొట్టి కాడికి రెండు ఆవులు రానే రావు, ఇదా సంగతి" అంది.

స్టాళ్ల పైపులు, తొట్టి, పాల లైను, నేలలోని కడ్డీలు అన్నింటినీ జీఐ ఫ్లాట్ (జింకు పూత ఇనుప పట్టీ)తో ఒకదానికొకటి కలిపి వెల్డ్ చేయించాం. వోల్టేజీ తేడా లేకపోతే ఆవు గుండా పారేదేమీ ఉండదు. డీసీకి, ఏసీకి, పిడుగు రక్షణకు వేరువేరు ఎర్త్ గుంటలు తీసి, మొదటి రెండింటినీ బాండ్ చేశాం. పిడుగుది షెడ్డుకు దూరంగా దించాం. లైను లేనప్పుడు ఇన్వర్టర్ తన న్యూట్రల్‌ను తానే ఎర్త్‌కు కలుపుకునే రిలే ఆన్‌లో ఉందో లేదో స్వయంగా కొలిచి చూడాలి. అది పనిచేయకపోతే లైను పోయిన వేళ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) ఉన్నా లేనట్టే. వీఎఫ్‌డీల లీకేజీకి ఆర్‌సీసీబీ ఊరికే పడకుండా వాటికి వేరుగా తగిన రకం వేశాం. పని అయ్యాక అదే తొట్టి దగ్గర చాఫ్ కట్టర్ తిప్పి కొలిస్తే 0.3 వచ్చింది.

ఖర్చు, ఫలితం

ఐస్ బ్యాంక్‌తో కలిపి మొత్తం 17 లక్షల దాకా అయింది. కరెంటు బిల్లుతో పోల్చి చూస్తే ఈ పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుందో చెప్పలేం. ఫారంలో అసలు ఖర్చు డీజిల్. జనరేటర్ రోజుకు నాలుగు గంటలు, గంటకు మూడు లీటర్లు. లీటరుకు మూడు యూనిట్లు వస్తే ఎక్కువ. లీటరు 97 రూపాయల లెక్కన యూనిట్ ముప్పై రూపాయలు దాటుతుంది. నెలకు దాదాపు 35 వేలు, ఏడాదికి నాలుగు లక్షల పైన. ఇప్పుడు ఆ డీజిల్ పదో వంతు కూడా లేదు. ఆ లెక్కన నాలుగున్నర ఏళ్లలో తిరిగొస్తుంది.

జనరేటర్ అమ్మొద్దని చెప్పాం. ఈశాన్య రుతుపవనాల్లో వరుసగా మబ్బు పట్టిన రోజుల్లో ఉత్పత్తి మూడో వంతుకు పడిపోతుంది. అప్పుడు ముందు గీజరు ఆపి గ్యాస్ మీద నీళ్లు కాచుకుంటారు. చాఫ్ కట్టర్‌ను త్రీఫేజ్ టైముకు జరుపుతారు. అయినా మంచు చాలకపోతే జనరేటర్ ఒక గంటో, రెండు గంటలో వేస్తారు. అప్పుడు కూడా అది ఇన్వర్టర్ ద్వారా నిండు లోడ్ మీద నడిచి బ్యాటరీనీ, మంచునూ కలిపి నింపుతుంది. చిన్న లోడ్ మీద గంటల తరబడి డీజిల్ తాగడం పోయింది.

ప్యానెళ్లను ఎండెక్కకముందే కడుగుతారు. నెలకొకసారి తొట్టి దగ్గర వోల్టేజీ కొలిచి గోడ మీద రాయమని కొడుక్కి ఒక మీటరు కొనిచ్చాం, రాస్తున్నాడు.

ఇంకో పదిహేను ఆవులు కొనాలని ఇప్పుడు అక్క ఆలోచన. ఇంకా ఎన్ని ప్యానెళ్లు పెట్టాలి నాయనా అని అడిగింది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఇన్వర్టర్ రికార్డు చూస్తే మధ్యాహ్నం రెండున్నర తర్వాత బ్యాటరీ నిండి, మంచు కట్టడం పూర్తయి, ప్యానెళ్ల కరెంటు తీసుకునేవాళ్లు లేక తగ్గించుకుంటున్న రోజులే ఎక్కువ. పదిహేను ఆవులంటే ఇంకో 200 లీటర్ల పాలు, దానికి 65 కిలోల మంచు. ఉన్న కంప్రెసరే ఇంకో గంటన్నర నడిస్తే చాలు, కానీ మంచు కట్టే ట్యాంకులో చోటు లేదు. కాబట్టి పక్కన ఇంకో చిన్న ట్యాంకుకు డ్రాయింగ్ గీసిచ్చాం. ప్యానెళ్ల మాట వచ్చే ఏడాది నవంబరు రీడింగులు చూశాక.